పుత్లీబౌలి మీటరు పనివాళ్ళు

ఎంజీ టీసీ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో డ్రైవరు కళ్ళెదుట ఉండేది స్పీడోమీటరు కాదు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే మీటరు. వేగం చూపించే మీటరు ఎడమవైపున, పక్కసీటులో కూర్చున్నవాళ్ళ ముందు ఉండేది. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1945 నుంచి 1949 దాకా తయారైన ఆ కారును రూపొందించినవాళ్ళ మనసు దాన్నిబట్టే తెలుస్తుంది. నడిపేవాడు ముందు ఇంజను మాట వినాలి, వేగం సంగతి తర్వాత. హైదరాబాదు పుత్లీబౌలిలో నేను పని నేర్చుకున్న కొట్టులో, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మా ఉస్తాద్ మొట్టమొదట చెప్పే సంగతి ఇది. టీసీని కళ్ళతో చూడనివాడికి కూడా చెప్పేవాడు. చూసినవాళ్ళు మాలో ఒకరిద్దరే.

1970ల నాటి మాట. కోఠీ నుంచి గౌలిగూడ వైపు వస్తే మోటారు సామాన్ల దుకాణాలు వరసగా ఉండేవి. బేరింగులు, పిస్టన్లు, అద్దాలు, హారన్లు, సెకండ్‌హ్యాండ్ డైనమోలు. వాటి సందుల్లో మీటరు పనివాళ్ళ కొట్లు. కొట్టంటే పెద్దదేమీ కాదు, ఒక మనిషి కాళ్ళు చాపుకోలేనంత చోటు. ముందు ఒక చెక్కబల్ల, దాని మీద చిమ్టాలు, కంటికి పెట్టుకునే భూతద్దం, చిన్న చిన్న పానాలు, సిగరెట్ డబ్బాల్లో గుర్తుపెట్టి దాచిన మరలు. గోడ నిండా మేకులకు వేలాడే పాత మీటర్లు. అద్దం పగిలినవి, ముల్లు పోయినవి, డయల్ ఎండకు వెలిసిపోయినవి. కొత్తవాళ్ళకు చెత్తలా కనిపించే ఆ గోడే కొట్టుకు పెట్టుబడి.

ఆ గోడ ఎందుకంత విలువైనదో ఈ తరానికి చెప్పాలి. అప్పట్లో విదేశీ కారు దిగుమతి చేసుకోవడం దాదాపు అసాధ్యం. ఊళ్ళో ఉన్న విదేశీ బళ్ళన్నీ నవాబుల, జమీందార్ల ఇళ్ళకు ఏనాడో వచ్చినవి, లేకపోతే రాయబార కార్యాలయాలవాళ్ళు వాడిన తర్వాత స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలంలో అమ్మినవి. బండి దొరికినా దాని సామాను దొరకదు. కాబట్టి చెడిపోయిన మీటరుకు ఒకటే గతి, విప్పి బాగుచేయడం. ఆ అవసరంలోంచే ఆ విద్య పుట్టింది.

రోజువారీ కూడు పెట్టేవి అంబాసిడర్లు, ఫియట్లు, లారీలు, బుల్లెట్ మోటారుసైకిళ్ళు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులు. స్పోర్ట్స్ కారు మీటరు వచ్చిన రోజు మాత్రం కొట్టులో పండగే. ఉస్తాద్ ఆ రోజు బల్ల తుడిపించి తెల్లగుడ్డ పరిపించేవాడు. డయల్ మీద స్మిత్స్ అనో, జేగర్ అనో రాసి ఉండేది. స్మిత్స్ వాళ్ళది అసలు గడియారాల కొట్టు, 1851లో లండన్‌లో మొదలైంది. మోటార్లు వచ్చాక క్రికిల్‌వుడ్‌లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టి కార్లకు, విమానాలకు మీటర్లు చేశారు. బ్రిటిష్ కార్లలో చాలావాటికి ముఖం వాళ్ళిచ్చిందే. గడియారం చేసినవాళ్ళ చెయ్యి ఆ మీటర్లలో స్పష్టంగా తెలిసేది. టీసీలో ఉన్న రకం స్పీడోమీటరునైతే గడియారమనే అనాలి. లోపలి యంత్రం కొద్ది సమయం పాటు చుట్లు లెక్కపెట్టి, ఆ లెక్కను ముల్లుకు అందించి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతుంది. అందుకే దాని ముల్లు జారుతూ కదలదు, టక్‌టక్‌మని మెట్లెక్కినట్టు కదులుతుంది. అది చెడితే చేత్తో ముట్టే ధైర్యం పుత్లీబౌలిలో ఇద్దరు ముగ్గురికే ఉండేది.

మిగతా కార్ల స్పీడోమీటరు వేరే రకం. దాన్ని మొదటిసారి విప్పి చూసినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. గేరుబాక్సు నుంచి వచ్చిన కేబుల్ ఒక అయస్కాంతాన్ని గిర్రున తిప్పుతుంది. దాని మీద పల్చటి అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదని బడిలో చదువుకున్నదే. అయినా అయస్కాంతం తిరిగేకొద్దీ ఆ గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు, మేం బాల్‌కమానీ అనేవాళ్ళం, దాన్ని వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ నిలుస్తుంది. జర్మన్ ఇంజనీరు ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. దశాబ్దాల పాటు ప్రపంచంలోని కార్లలో ఎక్కువభాగం దాని మీదే నడిచాయంటే అతిశయోక్తి కాదు.

ఇంత నాజూకైన యంత్రం చెడేది మాత్రం చాలా మామూలు కారణాలకు. కేబుల్ ఎక్కడో మెలికపడితే ముల్లు వణుకుతుంది. గ్రీజు ఎక్కువ పూస్తే అది కేబుల్ వెంట పైకి పాకి మీటరులోకి దిగి, గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య చేరి, బండి కదలగానే ముల్లును చివరి అంకె దాకా తోసేస్తుంది. ఏళ్ళు గడిచి అయస్కాంతం నీరసపడితే మీటరు తక్కువ చూపిస్తుంది. ఉస్తాద్ మీటరును చేతిలోకి తీసుకోగానే విప్పేవాడు కాదు. వెనక కన్నంలో చిన్న తీగ పెట్టి వేళ్ళతో తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత మా చెవి దగ్గర పెట్టేవాడు.

"ఏమ్రా చోటే, ఏడుస్తున్నది కేబులా, లోపల బుష్షా? మంచిగ విని చెప్పు. విప్పుడు తర్వాత."

విప్పడంలో కూడా ఒక వరస ఉంది. స్మిత్స్ మీటర్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగుకు లోపలివైపు చిన్న నాలుకలుంటాయి. రింగును మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట ఆ నాలుకలు డబ్బా అంచులోని గాట్లకు ఎదురుపడి రింగు ఊడివస్తుంది. ఏళ్ళ తరబడి బిగిసిపోయిన రింగు అంత సులువుగా తిరగదు. కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రంతా వదిలేసేవాళ్ళం. స్క్రూడ్రైవరుతో లేపినవాడికి ఆ కొట్టులో స్థానం లేదు. రింగు ఒక్కసారి వంకరపోతే ఎంత పాలిష్ పెట్టించినా అద్దం కింద ధూళి చేరుతుంది.

తర్వాత ముల్లు. సున్నా దగ్గర ఆగి ఉన్న ముల్లు కింద ఒక చిన్న అడ్డుపిన్ను ఉంటుంది. ముల్లును దాని మీదుగా దాటిస్తే అది ఇంకాస్త వెనక్కి వెళ్ళి నిలుస్తుంది. అంటే సున్నా దగ్గర ఉన్నప్పుడే స్ప్రింగు కొద్దిగా బిగువు మీద ఉందన్నమాట. ముల్లు ఊడదీసే ముందు ఆ అసలు చోటు ఎక్కడో డయల్ అంచున పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు సరిగ్గా ఆ గుర్తు దగ్గరే పెట్టి, తర్వాత పిన్ను దాటించాలి. ఈ గుర్తు పెట్టకుండా ముల్లు లాగినవాడి మీటరు పైకి ఎంత కొత్తగా మెరిసినా జీవితంలో ఒక్క అంకె కూడా నిజం చెప్పదు.

నిజం చెబుతోందో లేదో చూడటానికి డయల్ కింది భాగంలో కంటికి ఆనని ఒక అంకె ఉంటుంది. 1000 అని, 1280 అని, బండినిబట్టి ఏదో ఒకటి. ఒక మైలు దూరానికి కేబుల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క అది. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు. అంటే 1000 అని రాసి ఉన్న మీటరును నిమిషానికి 1000 చుట్ల చొప్పున తిప్పితే ముల్లు 60 మీద నిలవాలి. కొట్టులో పుల్లీలు మార్చి వేగం మార్చుకునే ఒక మోటారు ఉండేది, మా పరీక్ష యంత్రం అదే. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని 1280 మీటరును 1000 బండికి బిగిస్తే ఏమవుతుంది? బండి 60 మైళ్ళ వేగంతో పోతుంటే మీటరు 47 చూపిస్తుంది. నడిపేవాడు నెమ్మదిగానే పోతున్నాననుకుంటాడు. ఈ లెక్క నాకు బల్ల మీద సుద్దముక్కతో వేసి చూపించిన మనిషి ఐదో తరగతి దాటలేదు.

ఆ విద్య మొత్తంలో నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించేది టెంపరేచర్ గేజ్ పని. ఎంజీఏ అని 1955 నుంచి 1962 దాకా వచ్చిన అందమైన స్పోర్ట్స్ కారు ఉంది. అందులో ఆయిల్ ప్రెషరు, నీళ్ళ వేడి రెండూ ఒకే డయల్‌లో చూపించే మీటరు ఉంటుంది. వేడి చూపించే సగానికి కరెంటుతో పనిలేదు. ఇంజను నీళ్ళలో మునిగి ఉండే ఒక రాగి బుడ్డి, అందులో ఈథర్. బుడ్డి నుంచి డ్యాష్‌బోర్డు దాకా సన్నటి రాగి గొట్టం, దాని చివర మీటరులో వంపు తిరిగిన చదునైన గొట్టం. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బూర్డన్ 1849లో కనిపెట్టినందుకు ఆ వంపు గొట్టానికి ఆయన పేరే నిలిచింది. నీళ్ళు వేడెక్కితే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి, వంపు విచ్చుకుని, ముల్లును జరుపుతుంది. ఇంజను దించే మెకానిక్ చెయ్యి ఆ రాగి గొట్టానికి తగిలి ఎక్కడో చిట్లిందంటే ఈథర్ ఎగిరిపోతుంది, ముల్లు పడిపోతుంది. కారు ఎంత మరిగినా ఇక లేవదు.

బాగుచేసే పద్ధతి ఏమిటంటే, ఏ లారీదో, ట్రాక్టరుదో అదే తరహా పాత గేజ్ ఒకటి, బుడ్డీ గొట్టమూ చెక్కుచెదరనిది, సంపాదించాలి. దాని బుడ్డినీ గొట్టాన్నీ కోసి, ఎంజీఏ మీటరుకు మామిడి అంటు కట్టినట్టు కట్టాలి. కానీ గొట్టం కోస్తే అందులోని ఈథర్ కూడా పోతుంది కదా? అక్కడే ఉంది కిటుకు. ఈథర్ 35 డిగ్రీల లోపే మరిగే పదార్థం. మన ఎండాకాలంలో పుత్లీబౌలి కొట్టులో అది ద్రవంగా నిలవదు. అందుకని ఉస్తాద్ ఆ పని తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మొదలుపెట్టేవాడు. ముందురోజే ఐస్ ఫ్యాక్టరీలో చెప్పి ఉంచిన మంచుగడ్డను నేను గోనెసంచిలో పొట్టు వేసి సైకిలు మీద తెచ్చేవాణ్ణి. దాన్ని దంచి, రాళ్ళ ఉప్పు కలిపి, ఆ ముద్దలో బుడ్డిని పాతిపెట్టేవాళ్ళం. ఉప్పు కలిసిన మంచు సున్నాకు చాలా కిందికి చల్లబడుతుంది. గొట్టంలో ఉన్న ఆవిరంతా వెనక్కి వచ్చి బుడ్డిలో ద్రవమై కూర్చుంటుంది. ఆ తర్వాత గొట్టం కోసినా ఈథర్ బయటికి రాదు.

కోసిన రెండు కొసలనూ సూదంత ఇత్తడి గొట్టంలోకి రెండువైపుల నుంచీ దూర్చి, టాంకా పెట్టాలి. టాంకా ఒక్క చుక్క ఎక్కువైనా లోపలి కన్నం మూసుకుపోతుంది. తక్కువైతే లీకవుతుంది. ఈథర్ దగ్గర మంట పనికిరాదు, గుప్పున అంటుకుంటుంది. అందుకని బ్లోల్యాంపును గల్లీ చివర ఉంచి, అక్కడ కాల్చిన రాగి టాంకా కడ్డీని నేను పరుగెత్తుకుంటూ తెచ్చి అందిస్తే ఆయన ఒక్క ఊపులో అతికేవాడు. ఆ కొన్ని క్షణాలు కొట్టులో ఎవరూ ఊపిరి తీసేవాళ్ళు కాదు.

తర్వాత పరీక్ష. గిన్నెలో నీళ్ళు మరిగించి బుడ్డిని అందులో ముంచేవాళ్ళం. డయల్ మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి, నీళ్ళు మరిగే చోటు 212. ముల్లు 212కు వెంట్రుకవాసి ముందే ఆగితే ఉస్తాద్ ముఖం వెలిగిపోయేది. 212 మీద సరిగ్గా ఆగితేనే ఆయనకు అనుమానం. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్ళు కాస్త ముందే, 209 దరిదాపుల్లో మరుగుతాయి. ఇది ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. మద్రాసు నుంచి బాగై వచ్చిన గేజ్‌లను మరిగే నీళ్ళలో పెట్టి చూసి, చూసి గ్రహించాడు. కారణం నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి ఆయనకు చెప్పాను. "అట్లనా బేటా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

1960ల్లో వచ్చిన కార్లలో పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ కరెంటువి అయ్యాయి. రెండు లోహాలు అతికిన బద్దకు సన్నటి తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పారితే బద్ద వేడెక్కి వంగి ముల్లును జరుపుతుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు గబుక్కున లేవకుండా నింపాదిగా లేస్తుంది. బ్యాటరీ హెచ్చుతగ్గులు ఆ ముళ్ళ మీద పడకుండా డ్యాష్‌బోర్డు వెనక ఒక చిన్న డబ్బా 10 వోల్టుల సరాసరి పంపుతుంది. ట్యాంకు నిండకుండానే నిండినట్టు, ఇంజను వేడెక్కకుండానే వేడెక్కినట్టు రెండు ముళ్ళూ ఒకేసారి ఎక్కువ చూపిస్తే మీటర్లను ముట్టొద్దు, ఆ డబ్బాను చూడు అని ఉస్తాద్ మాకు నేర్పాడు. ఈ ఒక్క మాట తెలియక మంచి మీటర్లు విప్పి పాడుచేసినవాళ్ళు ఎంతమందో.

పాత మీటర్ల కోసం గురువారం గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కు వెళ్ళేవాళ్ళం. నేల మీద పరిచిన ఇనపసామాను కుప్పల్లో పట్టాలు, తాళాలు, కుట్టుమిషను ముక్కల మధ్య ఏదో ఒక గుండ్రటి డయల్ కనిపించేది. యుద్ధకాలపు మిలిటరీ డిస్పోజల్స్ నుంచి వచ్చినవీ ఉండేవి. చీకట్లో వెలిగే అంకెలున్న డయళ్ళను ఉస్తాద్ గీకనిచ్చేవాడు కాదు, ఊదనిచ్చేవాడు కాదు, దూరంగా ఒక డబ్బాలో పెట్టించేవాడు. ఎంత మంచి జాగ్రత్తో నాకు తర్వాత తెలిసింది. వెలుగునిచ్చే పొడి కొన్నేళ్ళకే చచ్చిపోతుంది గానీ అందులోని రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు పడుతుంది. ఈనాడు వెలగని డయల్ కూడా అంతే ప్రమాదం. పాత సామాను సేకరించే కుర్రాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డయల్ శుభ్రం చేయడం గురించి కూడా ఒక మాట. తడిగుడ్డ పెట్టామా, తెల్ల అంకెలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. పొడిదూదితో దుమ్ము లేపడమే తప్ప రుద్దడం లేదు. ఎండకు వెలిసిన అంకెలను సైన్‌బోర్డులు రాసే ఒక ఆర్టిస్టు నాలుగైదు వెంట్రుకల కుంచెతో దిద్దేవాడు. ఆయన కూడా పోయిన గీతనే దిద్దేవాడు, ఉన్నదాని మీద రంగు వేసేవాడు కాదు.

సెకండ్‌హ్యాండ్ బళ్ళ బ్రోకర్లు అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు, తిరిగిన మైళ్ళు తగ్గించి పెట్టమని. చేసేవాళ్ళకు ఆ పని పది నిమిషాలే, డబ్బు మాత్రం వారం కూలి. ఉస్తాద్ వాళ్ళను కసరేవాడు కాదు. "భాయ్, ఆ పని మా దగ్గర కాదు. చాయ్ తాగి పో" అనేవాడు. విప్పేటప్పుడు ఉన్న రీడింగును నోటుబుక్కులో రాసి, బండి యజమానితో సంతకం పెట్టించి, అదే రీడింగుతో మూసేవాడు. ఆ రోజుల్లో ఈ పట్టింపు నాకు అతిగా అనిపించేది. ఇప్పుడనిపించదు. మీటరు పనివాడి చేతిలో ఉన్నది నిజం. దాన్ని ఒక్కసారి అమ్ముకున్నవాడి దగ్గరికి మళ్ళీ ఏ మీటరు తీసుకెళ్ళినా లాభం లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని మీటర్లన్నీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో ఉండేవి. చెడితే పెట్టె మొత్తం మార్చడమే తేలిక. ఆ తర్వాత కేబుల్ పోయి సెన్సారు వచ్చింది, ముల్లును చిన్న మోటారు తిప్పడం మొదలైంది, ఇప్పుడు ముల్లే పోయి తెర వచ్చింది. కొత్త కార్లు మంచివి, సురక్షితమైనవి, వాటితో నాకు పేచీ లేదు. కానీ కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కుర్రాళ్ళు డెంటింగుకో, ఏసీ పనికో వెళ్ళారు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగేనాటికే మీటరు పనికి చేరేవాళ్ళు కరువయ్యారు. ఉస్తాద్ కళ్ళు మసకబారాక కూడా బల్ల ముందే కూర్చునేవాడు, మీటరు చెవి దగ్గర పెట్టుకుని రోగం చెప్పేవాడు, చేతులు మావి. ఆయన పోయాక గోడ మీది మీటర్లు తూకానికి వెళ్ళాయి. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అందులో ఎన్ని బళ్ళకు ప్రాణం ఉందో!

ఈమధ్య పాత కార్ల మీద మళ్ళీ మోజు పెరిగింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపు మారని వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే నిబంధనలు 2021లో కేంద్రం తెచ్చింది. సంతోషమే. కానీ ఆ బళ్ళకు కొత్తగా మెరిసే నకలు మీటర్లు బిగించి, అసలువి అటకెక్కించడం చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. ముల్లు కదలని మీటరు చచ్చినట్టు కాదు, తొంభై పాళ్ళు అది ధూళి, ఎండిన గ్రీజు, తెగిన తీగ. హైదరాబాదులో, మద్రాసులో ఈ పని తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వాళ్ళను వెతికి మీ మీటరు ఇవ్వండి, తొందర పెట్టకండి, అడిగిన కూలి ఇవ్వండి, వీలైతే పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. విప్పడానికి ఇచ్చేముందు డయల్ కింద ఉన్న ఆ చిన్న అంకెనూ, తిరిగిన మైళ్ళనూ ఒక కాగితం మీద రాసి, బండి పత్రాలతో పాటు భద్రంగా పెట్టుకోండి.